‘ఇచరిబ చోడే’: అందులో ఉన్నది ‘రి’యా, ‘రా’యా?

తీరరేఖ:
సభ్యులందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా సగం మాత్రమే గుర్తున్న ఒక వాక్యం నన్ను వదలడం లేదు. నిరుడు మా అమ్మాయి దగ్గరికి హవాయిలోని హొనొలులు వెళ్లినప్పుడు, జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి వలస వచ్చినవాళ్ల వారసులు అక్కడ ఏటా జరిపే ఒకినావా ఉత్సవానికి తీసుకెళ్లింది. అందాగి అనే తీపి పిండి ఉండలు నూనెలో వేసే చోట నేను చాలాసేపు నిలబడిపోయాను. ఎనభై దాటినట్టున్న ఒక పెద్దావిడ పిండిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఉండగా పైకి రప్పించి నూనెలోకి జారవిడుస్తున్నారు. మన పునుగులు వేసే చెయ్యి ఎలా తిరుగుతుందో అచ్చం అలాగే తిరుగుతోంది. ఉండ నూనెలో తనంతట తానే దొర్లి, ఒక పక్కన పగులు విచ్చుకుంటోంది. వేడివేడిగా ఒకటి కాగితంలో పెట్టి నా చేతికిస్తూ ఆవిడ ఒక సామెత చెప్పారు. “ఒకసారి కలిస్తే అన్నదమ్ములమే” అని దాని అర్థమని పక్కనున్న మనవరాలు చెప్పింది. తరువాత వచ్చిన రెండో ముక్కకు ఎవరూ అర్థం చెప్పలేదు. నాకు మిగిలింది “ఇచరిబ చోడే, నూ… అగ” అన్నంత వరకే. ఆవిడ అన్నది ‘ఇచరిబ’ అనా, ‘ఇచరా’ అనా? ఆ అక్షరాన్ని బట్టి తెలుగులో ‘కలిస్తే’ అనాలో ‘కలిశాక’ అనాలో తేలుతుందని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

పాతనిఘంటువు:
తీరరేఖ గారూ, మీరు మరిచిపోయిన రెండో ముక్క “నూ ఫిదతి ను అగ”. ‘మన మధ్య అడ్డేముంది’ అని దాని భావం. మొదటి ముక్కలోని ‘చోడే’ జపనీయుల ‘క్యోదై’కి ఒకినావా రూపం. ఆ భాషలో ‘కి’, ‘క్య’లు ‘చి’, ‘చ’లవుతాయి, ‘ఐ’ కరిగి ‘ఏ’ అవుతుంది, హ్రస్వమైన ‘ఒ’ ఉకారంగానూ హ్రస్వమైన ‘ఎ’ ఇకారంగానూ మారతాయి. ‘ఒకినావా’ అన్న పేరునే ఆ దీవి వాళ్లు ‘ఉచినా’ అంటారంటే ఈ సూత్రాల్లో రెండు ఆ ఒక్క మాటలోనే కనిపిస్తాయి. కన్నడ ‘కివి’ పక్కన ‘చెవి’ని, ‘కెరె’ పక్కన ‘చెరువు’ను పెట్టి చూసుకునే మనకు ‘క’ ఇలా ‘చ’గా మారే తాలవ్యీకరణం కొత్త కాదు. ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు ‘చోడే’లోని రెండు దీర్ఘాలూ పోతాయి, తెలుగు లిపిలో రెండూ నిలుస్తాయి. అందుకని ఇలాంటి మాటలను తెలుగులోనే రాసి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక మీ అసలు ప్రశ్నకు నా జవాబు ‘రి’. పాత జపనీయంలో ‘బ’ ప్రత్యయం రెండు రకాల ధాతురూపాల మీద చేరేది. ఇంకా జరగనిదాన్ని ఊహించే రూపం మీద చేరితే ‘ఒకవేళ’ అన్న అర్థం, జరిగినదాన్ని చెప్పే రూపం మీద చేరితే ‘అయింది కనుక’, ‘అయినప్పుడల్లా’ అన్న అర్థం వచ్చేవి. ఆ రెండో రూపపు చివరి ఎకారమే ఒకినావాలో ఇకారమై ‘ఇచరి’ అయింది. కాబట్టి ఈ సామెతలో ‘ఒకవేళ’కు చోటు లేదు. కలయిక జరిగిపోయింది, తోబుట్టువుల బంధం ఏర్పడిపోయింది. ‘ఇచరా’ అని ఉంటే మాత్రం అది షరతు అవుతుంది.

వలసబాట:
నిఘంటువు గారి వ్యాకరణాన్ని నేను కాదనను. కానీ ‘అన్నదమ్ములు’ అన్న అనువాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. ‘చోడే’లో అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారు, మన ‘తోబుట్టువు’ దానికి అతికినట్టు సరిపోతుంది. ఆ దీవుల్లో తోడబుట్టిన ఆడపిల్లకు అన్నదమ్ములను కాపాడే శక్తి ఉంటుందని నమ్మేవారు. ప్రయాణం కట్టే మగవాడికి ఆమె దీవెనే రక్ష. అటువంటి చోట పుట్టిన సామెతను మగవాళ్లకే పరిమితం చేయడం అన్యాయం.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కనుక వలస వెళ్లిన ఒకినావా స్త్రీల గురించి ఒక మాట చెప్పాలి. ఒకినావా స్త్రీలు చేతుల వెనుక, వేళ్ల మీద నీలిరంగు పచ్చబొట్లు పొడిపించుకునేవారు, వాటిని ‘హజిచి’ అంటారు. మన పల్లెల్లో అవ్వల ముంజేతుల మీది పచ్చబొట్లలాగే అవి వాళ్లకు గౌరవం. 1899లో జపాన్ ప్రభుత్వం వాటిని నిషేధించింది. హవాయికి బయలుదేరిన తొలి ఒకినావా కూలీల ఓడ నహా రేవు వదిలింది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. 1900 జనవరి 8న హొనొలులులో దిగిన ఆ 26 మందీ మగవాళ్లే, ఎవా చెరకు తోటకు వెళ్లారు. ఆ తరువాతి ఏళ్లలో వచ్చిన స్త్రీలలో ఎందరో ఆ చేతులను జపాన్ ప్రధాన దీవుల నుంచి వచ్చిన వాళ్ల కంటబడకుండా దాచుకోవలసి వచ్చింది. ‘అడ్డేముంది’ అన్న ప్రశ్నను ఆ చేతులను తలుచుకుంటూ చదివితే దాని బరువు వేరుగా తెలుస్తుంది.

మాత్రాగణం:
అక్షరం గురించి ఇంత చర్చ జరుగుతున్నా ఛందస్సు వైపు ఎవరూ చూడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఒకినావా వాళ్ల సొంత పద్యం ‘ర్యూకా’. అందులో నాలుగు పాదాలకు వరుసగా 8, 8, 8, 6 మాత్రలు ఉంటాయి. ఇప్పుడు ఈ సామెతను మన పద్ధతిలో గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున లెక్కించండి. ‘ఇచరిబ’లో నాలుగు లఘువులు, ‘చోడే’లో రెండు గురువులు, వెరసి 8. ‘నూ ఫిదతి ను అగ’లో 2, 3, 1, 2 కలిపితే మళ్లీ 8. నా ఊహ ఏమిటంటే, ఇది మొదట సామెత కాదు, ఒక ర్యూకాలోని తొలి సగం. నిఘంటువు గారు చెప్పిన దీర్ఘాలు ఉచ్చారణ కోసమే కాదు, పాదం నిలవడానికి కూడా అవసరం.

పాతనిఘంటువు:
మీ లెక్క సరిగ్గానే ఉంది, సంతోషం. కానీ అది ప్రశ్నను తేల్చదు. ‘ఇచరా’ అన్నా రెండు లఘువులూ ఒక గురువూ కలిసి నాలుగు మాత్రలే. రెండు పాఠాలూ ఛందస్సుకు సమ్మతమే కనుక తీర్పు వ్యాకరణమే చెప్పాలి.

దక్షిణ గోళం:
నేను పన్నెండేళ్లుగా బ్రెజిల్‌లోని సావో పావులోలో ఉంటున్నాను. ఇక్కడ ఒకినావా మూలాల వాళ్లు నాకు ఇరుగుపొరుగు, కొందరు ఆప్తులు కూడా. పుస్తకంలోని వ్యాకరణం ఎలా ఉన్నా, వలస వచ్చిన వాళ్ల జీవితంలో ఆ ‘బ’కు షరతు అర్థమే ఉందని నాకు బలంగా అనిపిస్తుంది.

1908 జూన్ 18న జపాన్ నుంచి వచ్చిన ‘కసాతో మారు’ ఓడ ఇక్కడి సాంతోస్ రేవుకు చేరింది. అందులో వచ్చిన 781 మంది ఒప్పంద కూలీలలో సుమారు 325 మంది ఒకినావా వాళ్లు. కాఫీ తోటల ఒప్పందం ప్రకారం ఒంటరి మనుషులను తీసుకోరు, పని చేయగలిగిన వాళ్లు కనీసం ముగ్గురున్న కుటుంబంగా రావాలి. అందువల్ల దూరపు బంధువులనూ ఊరివాళ్లనూ తమ్ముడనీ మరదలనీ రాయించుకుని కాగితం మీద కుటుంబాలు కట్టారు. కలిశారు, తోబుట్టువులయ్యారు. అక్కడ అది నీతివాక్యం కాదు, ఓడ ఎక్కడానికి మార్గం. తోటల్లో చెప్పిన కూలి గిట్టక చాలామంది విడిచి వెళ్లిపోయారు. ఆ నెపంతో 1913లో జపాన్ ప్రభుత్వమే ఒకినావా వాళ్లు బ్రెజిల్ వెళ్లకుండా కట్టడి చేసింది. సాటి జపనీయులు తోబుట్టువులుగా చూడని కాలంలో ఆ మాట అన్నవాళ్లు ‘కలిశాం కనుక’ అని నిబ్బరంగా అనగలిగి ఉంటారని నేను అనుకోను. ‘మీరు కలుపుకుంటే’ అని అడిగి ఉంటారు.

ఆ బంధం డబ్బు లెక్కల్లోనూ కనిపిస్తుంది. పదిమంది కూడి నెలనెలా కొంత వేసి, వంతులవారీగా ఒకరు మొత్తం తీసుకునే పద్ధతిని వాళ్లు ‘మోఐ’ అంటారు. మన చీటీ లాంటిదే. బ్యాంకు గడప తొక్కనివ్వని రోజుల్లో అంగళ్లు ఆ చీటీల మీదే లేచాయి.

వలసబాట:
దక్షిణ గోళం గారూ, మీరు చెప్పిన వివక్ష హవాయిలోనూ ఉంది. తోటల వంటశాలల నుంచి ఎంగిలి కుడితి పోగుచేసి పందులను పెంచినందుకు ఒకినావా పిల్లలను తోటి జపనీయుల పిల్లలు ఏడిపించేవారు. కానీ ఆ పందుల కథ అక్కడితో ఆగలేదు. 1945 యుద్ధంలో ఒకినావా సర్వనాశనమై, ఆ దీవికి ప్రాణాధారమైన పందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. హవాయిలోని ఒకినావా వాళ్లు చందాలు పోగుచేసి, అమెరికా పశ్చిమ తీరంలోని పోర్ట్‌లాండ్ నుంచి 550 పందులను ఓడలో పంపించారు. వాటి బాగోగులు చూసుకోవడానికి ఏడుగురు మనుషులు వెంట వెళ్లారు. 1948 సెప్టెంబరులో ఆ ఓడ ఒకినావా చేరింది. ఆ చందా వేసినవాళ్లలో అక్కడ పుట్టిన పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లు ఆ దీవిని కంటితో చూడనైనా లేదు. చూడని మనుషులతో కలయిక జరిగిందనాలా, లేదనాలా? నిఘంటువు గారి ‘కనుక’ గానీ మీ ‘అయితే’ గానీ ఇక్కడ పూర్తిగా చాలదు.

మాత్రాగణం:
తీరరేఖ గారు విన్నది సామెతే అనడంలో సందేహం లేదు. కానీ ఒకినావా వలస గురించి మాట్లాడుతూ ఆ వలసకు ఆద్యుడైన తోయమ క్యూజో పద్యాన్ని ఎవరూ ఎత్తకపోవడం లోటు. కిన్ అనే ఊరివాడు. తొలి బృందాన్ని పంపినవాడు, 1903లో తానే రెండో బృందంతో బయలుదేరినవాడు. “ఇజ యుకన్, వరెరా నొ ఇఎ వ గొదైషూ” అన్నాడు. ‘ఇక పదండి, మన ఇల్లు ఐదు ఖండాలూను’ అని అర్థం. గమనించండి, అది ఒకినావా ర్యూకా కాదు, జపనీయుల తంకా. 5, 7, 5 లెక్కతో మొదలవుతుంది. ఇంటిని వదలమని చెప్పే మాటను తన ఇంటి భాషలో కాక రాజ్య భాషలో చెప్పవలసి రావడం నన్ను కలచివేస్తుంది.

ఆ బాధను నాకు ఎంతో ఇష్టమైన కవి యమానొకుచి బకు ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. యువకుడిగా టోక్యో వెళ్లి, ముప్పై ఏళ్లు దాటాక 1958లో గానీ ఒకినావాకు తిరిగి రాలేకపోయాడు. దీవి మట్టి మీద అడుగు పెట్టగానే ఉచినా భాషలో “గంజూయి”, అంటే ‘కులాసాయేనా’ అని పలకరిస్తే, అవతలి మనిషి మర్యాదగా జపనీయంలో జవాబిచ్చాడట. తబ్బిబ్బై “యుద్ధంలో మన భాష కూడా మొత్తం పోయిందా” అని ఉచినా మాటల్లోనే అడిగితే, ఆ మనిషి ఇబ్బందిగా నవ్వి “మీకు ఒకినావా భాష బాగా వచ్చే” అన్నాడట. బడిలో ఇంటి మాట జారినందుకు మెడలో చెక్కబిళ్ల వేయించుకున్న తరాలు ఆ జవాబు వెనుక ఉన్నాయి. ఆ కవితను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చదివిన ప్రతిసారీ చివరి మాట దగ్గర ఆగిపోతాను.

పాతనిఘంటువు:
బకు ప్రస్తావనకు ధన్యవాదాలు, నాకూ ఆయన ప్రాణప్రదమే. అయితే తంకా రాసినంత మాత్రాన తోయమ ఇంటి భాషను వదులుకున్నాడని తేల్చడం తొందరపాటు. ఆ కాలంలో చదువుకున్న ఒకినావా వాళ్లు రెండు ఛందస్సుల్లోనూ రాసేవారు.

‘రి’ దగ్గరికి తిరిగి వస్తాను. వలసబాట గారు లేవనెత్తిన చిక్కుకు జవాబు మన ‘తే’లోనే ఉంది. “వాన వస్తే తడుస్తాం” అన్నప్పుడు అది చేదర్థకం, షరతు. “నిన్న వాళ్లింటికి వెళ్తే తాళం వేసి ఉంది” అన్నప్పుడు షరతు లేదు, వెళ్లడం జరిగిపోయింది. ఒక్క ‘తే’ రెండు పనులూ చేస్తోంది. కనుక ‘కలిస్తే తోబుట్టువులం’ అన్న తెలుగు తప్పు కాదు, చదివేవాళ్లు రెండో ‘తే’గా చదవాలి. అందరూ అలా చదవరన్న భయంతో నేను ‘కలిశామంటే తోబుట్టువులమే’ అంటాను.

తీరరేఖ:
ఇంత శ్రద్ధగా జవాబులు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ‘తోబుట్టువులు’ అన్న మాటను మనసారా స్వీకరిస్తున్నాను. నాకు అందాగి పెట్టింది ఒక స్త్రీ, అందుకున్నది ఒక స్త్రీ, అర్థం చెప్పింది మరో స్త్రీ. అక్కడ ‘అన్నదమ్ములు’ అన్న మాట నాకు అప్పుడే ఎబ్బెట్టుగా తోచింది. అక్షరం విషయంలో మాత్రం నా సందేహం తీరలేదు. వ్యాకరణం ‘రి’ అంటోంది, నా చెవిలో మాత్రం ఇప్పటికీ ఒక దీర్ఘం మోగుతోంది. మా అమ్మాయికి నిన్న ఫోను చేశాను. ఈసారి ఉత్సవంలో ఆవిడ కనిపిస్తే మళ్లీ చెప్పించుకుని రికార్డు చేస్తానంది.

పాతనిఘంటువు:
చాలా మంచి ఆలోచన. రికార్డు చేసేటప్పుడు ఆవిడ తల్లిదండ్రులది ఏ ఊరో కూడా అడగమనండి. నేను రాసింది షురి, నహా పట్టణాల పాఠం. హవాయిలో ఒకినావా సంఘాలు ఈనాటికీ ఊళ్లవారీగా ఉన్నాయి, 1951లో ఏర్పడ్డ ఉమ్మడి సంఘం కూడా ఊరి సంఘాలన్నీ కలిసి కట్టుకున్నదే. ఊరు మారితే ధ్వని మారుతుంది. మనం ‘పాలు’ అంటే కన్నడిగులు ‘హాలు’ అన్నట్టు, ఒకినావా ఉత్తరాన కొన్ని ఊళ్లలో ఇప్పటికీ పాత పకారమే వినిపిస్తుంది. ఆవిడ రెండో ముక్కలో అన్నది ‘ఫిదతి’ అనా, ‘హిదతి’ అనా, ‘పిదతి’ అనా? అది తెలిస్తే ఆ ‘రి’ ఏ నేల మీద పుట్టిందో వెతకడానికి ఒక దారి దొరుకుతుంది.