సీజీనాట్ వెనక ఇంటి వెబ్ సర్వర్: ఐపీవీ6లో 443 పోర్ట్ బయటికి తెరుచుకోవడం లేదు

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఎన్జినిక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) పెట్టి, మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా నడపాలని చూస్తున్నాను. వైఫైలో 192.168.1.50 కొడితే పేజీ వెంటనే వస్తుంది. మొబైల్ డేటాలో టైమ్ అవుట్. రౌటర్‌లో వెబ్ పోర్టులు 80, 443 ఫార్వర్డ్ చేశాను, డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) కూడా పెట్టాను. రౌటర్ వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది, అంటే సీజీనాట్: ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌ను చాలామందికి పంచుతోంది. ఇక ఐపీవీ4లో ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు.

ఐపీవీ6లో మాత్రం రాస్ప్‌బెర్రీ పైకి గ్లోబల్ అడ్రస్ (బయటి నుంచి నేరుగా చేరగలిగేది) వచ్చింది. బయటి నుంచి పింగ్ అందుతోంది, 443 మాత్రం పలకదు. అదే అడ్రస్ ఇంట్లోంచి కొడితే పేజీ తెరుచుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పైలోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆపేసినా అదే తీరు, కాబట్టి అడ్డు రౌటర్ దగ్గరే అనిపిస్తోంది. రౌటర్ ఫైర్‌వాల్‌లో హై, మీడియం, లో తప్ప ఏమీ కనిపించవు. లో పెట్టినా మార్పు లేదు.

ఇలాంటి ఫైబర్ రౌటర్లలో ఒక్క రాస్ప్‌బెర్రీ పై కోసం ఐపీవీ6 443ని లోపలికి వదిలే రూల్ ఏ మెనూలో ఉంటుందో చెప్పగలరా?