దోమల పూల్‌లో జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్, మెదడువాపు వైరస్) పాజిటివ్ వచ్చింది, ఏ జీనోటైపో ఎట్ల తేల్చాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, కర్నూలు

అందరికీ నమస్తే. కేసీ కెనాల్ కింద వరిమళ్ల దగ్గర, పందులు ఉండే చోట చీకటి పడ్డాక పట్టిన క్యూలెక్స్ దోమల మీద మా ప్రాజెక్టు. ఒక పూల్‌లో (కలిపి ఒకే శాంపిల్‌గా చేసిన దోమల్లో) ఫ్లావివైరస్ (డెంగీ, జేఈ లాంటి వైరస్‌ల గుంపు) ఆర్‌టీ-పీసీఆర్ బ్యాండ్ వచ్చింది. ఎన్‌ఎస్5 అనే జీన్ ముక్క సీక్వెన్స్ చేయిస్తే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. జీనోటైప్ (జీన్ల తేడాను బట్టి ఆ వైరస్‌లో ఏ రకమో) కూడా కావాలంటున్నారు గైడ్ మేడం. ల్యాబ్‌లో జేఈ ఐజీఎం (ఒక రకం యాంటీబాడీ) ఎలైజా కిట్టు ఉంది, దాంతో అయిపోతుందా? డబ్బులు తక్కువ సార్, అందుకే అడుగుతున్నా.

జవాబు: వైరాలజీ ల్యాబ్, అనంతపురం

కిట్టు పక్కన పెట్టమ్మా. అది మనిషి రక్తంలోనో, వెన్ను నుంచి తీసిన నీటిలోనో యాంటీబాడీని పట్టేది. దోమలో ఐజీఎం ఎక్కడుంటుంది? మనిషి శాంపిలే అయినా పని జరగదు. జేఈకి జీనోటైపులు ఐదు, సీరోటైపు (యాంటీబాడీలు గుర్తుపట్టే రకం) మాత్రం ఒక్కటే, కాబట్టి యాంటీబాడీ టెస్టుతో జీనోటైప్ తేలదు.

ఇ ప్రొటీన్ జీన్ మొత్తం సీక్వెన్స్ చేయించు. 1500 అక్షరాలే, అంటే 500 అమైనో ఆమ్లాలు. వైరస్ పైపొర మీద ఈ ప్రొటీన్ 180 కాపీలు జంటలు జంటలుగా పరుచుకుని ఉంటుంది. యాంటీబాడీలు ముఖ్యంగా దీన్నే పట్టుకుంటాయి. దీంట్లో మూడు భాగాలు (డొమైన్లు). రెండో డొమైన్ కొసన, 98 నుంచి 110వ అమైనో ఆమ్లం దాకా ఉండే ఫ్యూజన్ లూప్ డెంగీలో, వెస్ట్‌నైల్‌లో, జేఈలో దాదాపు ఒకటే. మూడో డొమైన్‌లో మాత్రం ఏ వైరస్‌కు ఆ వైరస్ వేరుగా ఉంటుంది. ఏ వైరస్ అన్నదానికి మూడో డొమైన్ చాలు. ఏ జీనోటైప్ అన్నదానికి అంత చిన్న ముక్కను నమ్ముకోవద్దు, జీన్ మొత్తం ఉండాల్సిందే.

ఇంకోటి, ట్రీని (ఏ వైరస్ దేనికి దగ్గరో చూపే వంశవృక్షాన్ని) న్యూక్లియోటైడ్లతోనే, అంటే జీన్ అక్షరాలతోనే వెయ్యి. అమైనో ఆమ్లాల్లోకి మార్చి వేస్తే జీనోటైప్ 1కి, 3కి మధ్య తేడా చాలావరకు మాయమవుతుంది, చాలా మార్పులు ప్రొటీన్‌లో కనబడవు కాబట్టి. రిఫరెన్సులుగా 3కి నకయామా, 1కి ఇషికావా, 2కి ఎఫ్‌యూ, 4కి జేకేటీ6468, 5కి మువార్ పెట్టుకో. ట్రీకి మొదలు (రూటు) చూపడం కోసం వెస్ట్‌నైల్ ఒకటి. మన దేశంలో చాలాకాలం 3దే రాజ్యం. 2009లో గోరఖ్‌పూర్‌లో 1 కూడా బయటపడింది, కాబట్టి 3 అని ముందే అనుకుని కూర్చోవద్దు.

వ్యాఖ్య: ల్యాబ్ టెక్నీషియన్, కడప

సార్, మధ్యలో వస్తున్నా. మాకు డెంగీ సీజన్‌లో జేఈ ఐజీఎం కూడా పాజిటివ్ వస్తుంటుంది. మీరు చెప్పిన లూప్ వల్లేనా?

జవాబు: వైరాలజీ ల్యాబ్, అనంతపురం

చాలావరకు అంతే. ముందొకసారి డెంగీ వచ్చి పోయినవాళ్లలో ఇంకా గందరగోళం. తేల్చాలంటే పీఆర్‌ఎన్‌టీ (ప్లాక్ రిడక్షన్ న్యూట్రలైజేషన్ టెస్టు). అదే సీరాన్ని డెంగీ, జేఈ, వెస్ట్‌నైల్ వైరస్‌లకు విడివిడిగా కలిపి, దేన్ని ఎక్కువగా ఆపిందో చూస్తారు. టైటర్ (సీరాన్ని ఎంత పల్చన చేసినా వైరస్‌ను ఆపుతుందన్న కొలత) మిగతావాటి కన్నా కనీసం నాలుగు రెట్లు ఉంటేనే ఫలానా అంటారు. బతికున్న వైరస్‌తో పని, మామూలు ల్యాబుల్లో చెయ్యకూడదు. మెదడువాపు అనుమానం ఉంటే రక్తం కన్నా వెన్ను నీటిలో ఐజీఎంకే విలువ. టీకా వేయించుకున్న పిల్లల విషయంలో మరీను. అన్నీ నెగెటివ్ వచ్చిన పిల్లలుంటే చాందీపురా వైరస్ గుర్తుపెట్టుకోండి. 2003లో మన రాష్ట్రాన్ని వణికించింది అదే. అది వేరే కుటుంబం, ఇసుక ఈగలతో వస్తుంది, దాని పైపొర ప్రొటీన్ పేరు జి.

ప్రశ్న: ఎమ్మెస్సీ, కర్నూలు

సార్, ఇ జీన్ సీక్వెన్స్ వచ్చింది. బ్లాస్ట్‌లో (డేటాబేస్‌లోని సీక్వెన్సులతో పోల్చే ప్రోగ్రాంలో) దగ్గరగా వెల్లూరు పీ20778, గోరఖ్‌పూర్ జీపీ78 స్ట్రెయిన్లు ఉన్నాయి. వాటి కిందనే టీకా స్ట్రెయిన్ ఎస్‌ఏ14-14-2 కూడా కనిపించేసరికి భయం పట్టుకుంది. మా పాజిటివ్ కంట్రోల్ (టెస్టు పనిచేస్తోందని చూసుకునే శాంపిల్) టీకా వయల్ నుంచి తీసిందే. అదే కలిసిపోయిందేమో ఎట్ల తెలిసేది?

జవాబు: వైరాలజీ ల్యాబ్, అనంతపురం

సరైన అనుమానమే. ఆ టీకా కూడా జీనోటైప్ 3దే, కాబట్టి లిస్టులో కనబడటం మామూలే. 138వ అమైనో ఆమ్లం చూడు. అడవి రకంలో అక్కడ గ్లుటామిక్ ఆమ్లం, టీకాలో లైసిన్. ఇ జీన్ మొదటి అక్షరం నుంచి లెక్కపెడితే 412వ అక్షరం. అక్కడ 'జీ' (G) ఉంటే అడవి రకం, 'ఏ' (A) ఉంటే టీకా. క్రోమాటోగ్రామ్ (సీక్వెన్స్ అక్షరాలను శిఖరాలుగా చూపే గ్రాఫ్) తెరిచి కంటితో చూడు, ఒకదాని కింద ఒకటి రెండు శిఖరాలుంటే కలిసిందనే అర్థం. 107 కూడా చూసుకో, అక్కడ లూసిన్ పోయి ఫినైల్‌అలనిన్ వచ్చి ఉంటే టీకాదే.

ప్రశ్న: ఎమ్మెస్సీ, కర్నూలు

412లో జీ ఒక్కటే ఉంది సార్, శిఖరం శుభ్రంగా ఉంది. 107లో లూసినే.

జవాబు: వైరాలజీ ల్యాబ్, అనంతపురం

అయితే టీకా కాదు. ఇంక ట్రీ వెయ్యి, 1000 బూట్‌స్ట్రాప్‌లు (ట్రీ కొమ్మలను ఎంత నమ్మొచ్చో చూసే లెక్క) పెట్టు. కోలార్ స్ట్రెయిన్ 821564 సీక్వెన్స్ కూడా చేర్చు. మనకు దగ్గర ఊరిది, దేశీ టీకా జెన్‌వాక్ దాన్నుంచే తయారైంది. అట్లనే మిగిలిన దోమలను మైనస్ 80 డిగ్రీల్లోనే ఉంచు, పారేయొద్దు. రివ్యూలో ఇంకో ఆర్‌ఎన్‌ఏ తీసి మళ్లీ చేసి చూపించమని అడిగేవాళ్లు ఒకరైనా ఉంటారు. ఈసారి పాజిటివ్ కంట్రోల్‌కు టీకా వద్దు, సీక్వెన్స్‌లో గుర్తు పెట్టిన సింథటిక్ ఆర్‌ఎన్‌ఏ వాడండి. మేడంకు కూడా ఈ మాట చెప్పు.