గెటిస్‌బర్గ్‌లో తప్పు లీదా, లాంగ్‌స్ట్రీట్‌దా?

గోదారిగట్టు: మొన్న పిల్లలతో, అమెరికా అంతర్యుద్ధం నాటి యుద్ధభూమి గెటిస్‌బర్గ్ వెళ్లొచ్చాం. 1863 జులై 3న దక్షిణాది జనరల్ పికెట్ దళం శత్రువుకి ఎదురు నడిచిన మైదానం చూశాక, వాళ్ల సేనాపతి లీ మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది. దాదాపు 12,500 మంది, ముప్పావు మైలు, దాక్కోడానికి చెట్టు లేదు. సగానికి పైగా చచ్చారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. లీ కింది జనరల్ లాంగ్‌స్ట్రీట్ ఈ దాడి వద్దంటూనే ఉన్నాడు.

పాతసిపాయి: వద్దన్న పెద్దమనిషి ముందురోజు ఏం చేశాడండీ? లీ చెయ్యమన్న దాడి మొదలయ్యేసరికి సాయంత్రం నాలుగు. ఇష్టం లేని పని అలాగే ఏడుస్తుంది. 20 ఏళ్లు ఆర్మీలో చేశాను, ఆర్డర్ నచ్చక నాన్చేవాళ్లని చాలామందిని చూశాను.

కందిపొడి: ఆ మైదానానికి అడ్డంగా పోయే ఎమిట్స్‌బర్గ్ రోడ్డు కంచె సంగతి ఎవరూ ఎత్తరేం? అది దాటుతూనే కదా బోలెడుమంది కూలింది.

గోదారిగట్టు: సార్, జులై 2న ఆర్డర్ ఖరారైందే పొద్దున పదకొండు ప్రాంతంలో. జనరల్ లా బ్రిగేడ్ వచ్చేదాకా ఆగడానికి లీయే ఒప్పుకున్నాడు. తెల్లారగానే కొట్టమన్నాడన్న కథ 1870లో లీ పోయాక ఆయన ఫిరంగిదళాధిపతి పెండిల్టన్ మొదలెట్టింది. అప్పటికే లాంగ్‌స్ట్రీట్ ఉత్తరాదివాళ్ల రిపబ్లికన్ పార్టీలో చేరాడు. 1874లో న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్ల మిలీషియాతో కలిసి తెల్లవాళ్ల సాయుధ ముఠా వైట్ లీగ్ మీద నిలబడ్డాడు. దక్షిణాదివాళ్లు ఊరుకుంటారా?

పాతసిపాయి: యుద్ధం అడిగితే రాజకీయం చెప్తున్నారు.

గోదారిగట్టు: రాజకీయం కాదు, అనుభవం. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వద్దని నేను మెయిల్ పెట్టాను. వినకుండా చేశారు, కూలింది. నా రివ్యూలో మాత్రం ‘సహకరించలేదు’ అని రాశారు.

పాతసిపాయి: ఓహో, ఇది మీ అప్రైజల్ గొడవా! లీని మధ్యలో ఎందుకు లాగారు?

గోదారిగట్టు: వెటకారం వద్దు. పై వాడి తప్పు ఒప్పుకోడానికి మీకు ప్రాణం ఒప్పదు, అంతే. ‘తప్పంతా నాదే’ అని లీయే అన్నాడు, మీరే అననివ్వరు.

కందిపొడి: పోట్లాడుకోండి గానీ, కంచె?

పాతసిపాయి: లీ తప్పు కాదని నేనెప్పుడు అన్నాను? పైనుంచి చూడండి, ఒక్కసారి కూడా అనలేదు. ‘వెళ్లమంటారా’ అని పికెట్ అడిగితే లాంగ్‌స్ట్రీట్‌కి నోరు పెగల్లేదు, తల ఊపాడు. నాకు మింగుడుపడనిది అదే. తప్పని తెలిసినవాడు పదవి వదిలి పోవాలి. ఒకసారి నేనూ తలే ఊపాను. ఎక్కడో, ఎందుకో ఇక్కడ రాయను.

గోదారిగట్టు: సారీ సార్. కానీ ఆయన పోతే ఇంకొకడు ఊపేవాడు కదా.

పాతసిపాయి: ఊపనివ్వండి. వాడి తల వాడిది.

కందిపొడి: కంచె ఇప్పుడు ఉందా, లేదా?

గోదారిగట్టు: ఉంది బాబూ, రోడ్డు పక్కన మళ్లీ కట్టారు. మా బుడ్డోడు ఎక్కబోతే వాళ్లమ్మ కేకలేసింది.