‘అడిగిన జీతం’ అంటే అడిగినంతా? అడిగినప్పుడా?

చదువరి:
ఎమ్మెల్యేల జీతం ఎవరు, ఎలా నిర్ణయించాలి అనే దాని మీద ఒక వ్యాసం రాస్తున్నాను. రాజ్యాంగం 195వ అధికరణ ప్రకారం ఆ పని శాసనసభదే. సభ చట్టం చేస్తుంది, సభ్యులు తీసుకుంటారు. ‘అడిగిన జీతంబియ్యని మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్’, అలాంటి దొర దగ్గర బాధపడేకంటే ఎద్దుల్ని కట్టి మడి దున్ని బతకడం మేలు అనే సుమతి పద్యంతో మొదలుపెడదామని కూర్చుంటే మొదటి పాదంలోనే ఆగిపోయాను. ‘అడిగిన జీతంబియ్యని’ అంటే అడిగినంత జీతం ఇవ్వని అనా, అడిగినప్పుడు ఇవ్వని అనా? అడిగినంత అయితే కొలువువాడే రేటు చెబుతున్నాడు. అడిగినప్పుడు అయితే జీతం ముందే ఖాయమైంది, దొర ఎగ్గొడుతున్నాడు. ఈ తేడా మీదే నా వ్యాసం నిలబడాలి. మూడో పాదం చివర ‘ఎద్దుల గట్టుక’నా, ‘గట్టియు’నా? అది కూడా గుర్తు రావడం లేదు.

పల్లెటూరి పంతులు:
బడిలో అందరం చెప్పే తాత్పర్యం ‘అడిగినప్పుడు’ అనే. ముప్పై ఏళ్లు నేనూ అదే చెప్పాను. వ్యాకరణం మాత్రం ఒప్పుకోదు. ‘అడిగిన’ అనేది జీతానికి విశేషణం: అడిగినట్టి జీతం. ‘అడిగితే’ అనే అర్థానికి ‘అడిగినన్’ కావాలి. అప్పుడు చివరి అక్షరం గురువై కందం గణం చెడుతుంది. అందుకని ‘అడిగినంత’ వైపే నా ఓటు. మూడో పాదం ‘వడిగల యెద్దుల గట్టుక’. అనుమానం లేదు.

పాత నిఘంటువు:
మాస్టారూ, ‘చెప్పిన మాట వినడు’ అంటాం. ఎంత చెప్పాడని కాదు కదా, చెప్పినా వినడని. ‘అడిగిన జీతం’ కూడా అలాంటి పలుకుబడే. గణాలతో అర్థం తేలదు. అసలు చూడాల్సింది ‘మిడిమేలపు’. కొన్ని ప్రతుల్లో ‘మిడిమేళపు’ అని ఉంటుంది. గర్వం అని అందరూ చెప్పే అర్థం సరే. మిడిమిడి జ్ఞానంలోని ‘మిడి’యే ఇక్కడా ఉందని, సగం మేలు చేసి ఆపేసే దొర అని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

పల్లెటూరి పంతులు:
అది మీ ఊహ, ఆధారం చూపండి. ల, ళ సంగతి ప్రాస తేల్చదు, ఎందుకంటే ప్రాస ‘డ’ మీద ఉంది. యతి ‘మిడుకుట’లోని ‘మి’ మీద పడింది. రెండో పాదంలో ‘నుగొల్చి’ జగణం ఎంత హాయిగా కూర్చుందో చూడండి. మొదటి పాదం నుంచి లెక్కపెడితే అది ఆరో గణం. కందంలో అక్కడే చెయ్యి తిరగని వాళ్లు తడబడతారు.

గుమాస్తా:
నేను తెలుగు అనువాద విభాగంలో పనిచేశాను. జీతం గొడవ కంటే ‘బత్తెం’ గొడవ పెద్దది. నేను ‘బత్తెం’ అని రాసిన ప్రతిసారీ పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసి ‘భత్యం’ అని దిద్దేవారు. సంస్కృతంలో భృతి ఉంది, భృత్యుడు ఉన్నాడు, అన్నం అనే అర్థంలో భక్తం ఉంది. భత్యం లేదు. బత్తెం అంటే మోటుగా ఉందని ‘భ’ తగిలించి, ‘త్తె’ని ‘త్య’ చేసి పెద్దమనిషి వేషం వేశారు. నాకు ఇప్పటికీ బాధే.

చదువరిగారి వ్యాసానికి కూడా ఈ మాటే కీలకం. తెలంగాణలో 2016 సవరణ తర్వాత ఎమ్మెల్యే జీతం నెలకు 20,000 రూపాయలు, నియోజకవర్గ భత్యం 2,30,000. ‘జీతం’ అనే మాట కింద చూసేవాడికి ఇరవై వేలే కనిపిస్తాయి. జీతం ఎవరు నిర్ణయించాలని అడిగేముందు, దేన్ని జీతం అంటున్నారో అడగాలి.

పాత నిఘంటువు:
బత్తెం భక్తం నుంచే వచ్చిందని నా నమ్మకం. తిండి ఖర్చు.

పల్లెటూరి పంతులు:
భృతి నుంచి ఎందుకు కాకూడదు?

శాసనాల పిచ్చి:
ఇద్దరూ ఆగండి. జీతం ‘జీవితం’ నుంచి వచ్చిన తద్భవం, ఇది మరిచిపోతున్నారు. బతకడానికి ఇచ్చేది. జీతం లేకపోతే సభలో ఆస్తిపరులే కూర్చుంటారు. బ్రిటన్‌లో కార్మికుల ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టులు 1838లోనే సభ్యులకు జీతం కావాలని అడిగింది అందుకే. అక్కడి ఎంపీలకు అది దక్కింది 1911లో. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ సభ్యుడికి రెండేళ్ల పదవీకాలానికి 200 డాలర్లే, 1889 నుంచీ అంతే. అలాంటి చోట కూలీనాలీ చేసుకునేవాడు సభకు ఎలా వెళ్తాడు? కాబట్టి తక్కువ ఇవ్వడం గొప్ప కాదు. ఎవరు నిర్ణయించారన్నదే ముఖ్యం.

చదువరి:
నా బాధ సరిగ్గా అదే. మన ఎంపీలకు 2018 నుంచి ధరల సూచీ లెక్క పెట్టారు. ఐదేళ్లకోసారి దానంతటదే మారుతుంది. అలా నెలకు లక్ష కాస్తా 2023 ఏప్రిల్ నుంచి 1,24,000 అయింది. కానీ ఆ సూత్రం పెట్టుకున్నదీ పార్లమెంటే. బ్రిటన్‌లో 2009 చట్టంతో ఒక స్వతంత్ర సంస్థ పెట్టారు. ఇప్పుడు ఎంపీల జీతం తేల్చేది ఆ సంస్థే.

ఇందాకటి నుంచి పద్యం మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ‘గట్టుక’ అని మాస్టారు చెప్పాక ఒకటి తట్టింది. మొదటి పాదంలో అడిగేవాడు ఒకడు, ఇవ్వాల్సినవాడు ఇంకొకడు. అక్కడ ‘కొను’ లేదు. ‘ఎద్దుల గట్టుక, మడి దున్నుక’ అంటే కట్టుకొని, దున్నుకొని. అక్కడే ‘కొని’ వచ్చింది. తన ఎద్దులు, తన మడి, నష్టమొస్తే అదీ తనదే. తన రాబడి తానే చూసుకునే హక్కు ఆ రైతుకు ఉంది. శాసనసభ్యుడు దున్నేది జనం మడి. అలాంటప్పుడు 195 కింద జరిగేది ‘జీతం నిర్ణయించడం’ కాదు, ‘నిర్ణయించుకోవడం’. ఆ ‘కొను’ను తీసెయ్యాలి. రిటైర్డ్ జడ్జో, లెక్కలు తెలిసినవాళ్లో ఉన్న బయటి సంఘం తేల్చాలి. భత్యంతో సహా తేల్చాలి. తేల్చినది తర్వాతి ఎన్నికల్లో గెలిచిన సభకే వర్తించాలి.

పల్లెటూరి పంతులు:
శభాష్. ‘కొను’ దగ్గర పోతనగారిని తలుచుకోకుండా ఎలా? రాజులకు కావ్యాలిచ్చే కవుల గురించి ‘సొమ్ములు కొన్ని పుచ్చుకొని’ అన్నారు చూడండి, అక్కడ ‘కొను’లో ఎంత రోత పలికిందో! ‘కొన్ని’ పక్కనే ‘కొని’. ఆ పద్యం చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ వణుకుతుంది.

శాసనాల పిచ్చి:
పోతనగారిది దేవుడికి అంకితమిచ్చిన మనసు, ఎమ్మెల్యేకు అది కొలబద్ద కాదు. 1931లో కాంగ్రెస్ చేసిన కరాచీ తీర్మానం గుర్తుందా? ప్రభుత్వోద్యోగి జీతం నెలకు 500 రూపాయలు మించకూడదన్నారు. 1937లో కాంగ్రెస్ మంత్రులు ఆ 500కే పనిచేశారు. అధికారం చేతికి రాకముందే పెట్టుకున్న హద్దు అది. తర్వాతి సభకు వర్తించాలని మీరన్నదీ దాదాపు అదే, చదువరిగారూ.

గుమాస్తా:
వ్యాసంలో దయచేసి ‘బత్తెం’ అనే రాయండి.

పాత నిఘంటువు:
రాయండి, కానీ భక్తం నుంచి అని బ్రాకెట్లో పెట్టండి. ఇంతకీ ‘అడిగిన’ తేలలేదు. ‘మిడుకుట’ గురించి ఎవరూ మాట్లాడలేదు. బాధపడటం అని తేలిగ్గా దాటేస్తున్నారు. ‘మిడిమేలపు’లో, ‘మిడుకుట’లో ఉన్న ‘మిడి’, ‘మిడు’ ఒకే ధాతువు కావచ్చా మాస్టారూ?

పల్లెటూరి పంతులు:
కాదనే అనుకుంటున్నాను. రేపు నిఘంటువు తీసి చూస్తాను.