రిలీజ్ బ్రాంచ్‌లోకి కొన్ని కమిట్లే తీసుకెళ్లాలి: చెర్రీ-పిక్ చేసేవాళ్లు తర్వాత మెర్జ్ సంగతి ఏం చేస్తున్నారు?

గట్టుమీద_కోడ్:
మా ప్రాజెక్టులో రోజువారీ పనంతా మెయిన్ బ్రాంచ్‌లో (బ్రాంచ్ అంటే కోడ్ విడిగా నడిచే ఒక శాఖ) జరుగుతుంది. క్లయింట్‌కి వెళ్లేది రిలీజ్ బ్రాంచ్ నుంచి. రిలీజ్ కట్ చేశాక మెయిన్‌లో పడిన వాటిలో "ఈ రెండు మూడు ఫిక్స్‌లు మాత్రం ఇవ్వండి, మిగతావి ముట్టుకోవద్దు" అంటారు. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర ఉంచే టూల్) చెర్రీ-పిక్ చేసి, అంటే కావాల్సిన కమిట్లని (సేవ్ చేసిన మార్పులు) మాత్రం రిలీజ్ బ్రాంచ్‌లో వేసి ఇస్తాం. అక్కడిదాకా ఇబ్బంది లేదు. రిలీజ్ అయిపోయాక ఆ బ్రాంచ్‌ని తిరిగి మెయిన్‌లోకి మెర్జ్ చేయడం (కలపడం) మా టీమ్‌లో మొదట్నుంచీ ఉన్న అలవాటు. గొడవంతా అప్పుడే. మేమే పిక్ చేసిన లైన్ల దగ్గర కాన్‌ఫ్లిక్ట్‌లు (ఏ మార్పు ఉంచాలో గిట్ తేల్చుకోలేక మనల్ని అడగడం) వస్తున్నాయి. పైగా ఒక ఫిక్స్ ఏయే బ్రాంచ్‌లలో ఉందో చూద్దామని 'గిట్ బ్రాంచ్ --కంటెయిన్స్' కొడితే మెయిన్ పేరు ఒక్కటే వస్తోంది. ఫిక్స్ రిలీజ్‌లో కూడా ఉంది, ఫైల్ తెరిచి చూశాను. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

(కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మామూలుగానే కొట్టుకోండి.)

నైట్‌డ్యూటీ:
రెండో సంగతి ముందు చెప్తాను బ్రో. చెర్రీ-పిక్ అంటే పాత కమిట్‌ని ఇక్కడికి తీసుకురావడం కాదు. ఆ కమిట్‌కీ దాని పేరెంట్‌కీ (దాని ముందు కమిట్) మధ్య ఉన్న తేడాని తీసుకుని, నువ్వున్న బ్రాంచ్ మీద వేసి, కొత్త కమిట్ చేస్తుంది. రాసినవాడి పేరు, రాసిన తేదీ పాతవే ఉంటాయి. పేరెంట్ మారింది, కమిట్ చేసినవాడు, సమయం మారాయి. కాబట్టి హ్యాష్ (కమిట్‌ని గుర్తించే ఐడీ) మారిపోతుంది. '--కంటెయిన్స్' హ్యాష్‌నే వెతుకుతుంది, అందుకే రిలీజ్ కనబడదు.

నీకు కావాల్సింది 'గిట్ చెర్రీ రిలీజ్ మెయిన్'. చెర్రీ-పిక్ కాదు, ఉత్త చెర్రీ. మెయిన్‌లో ఉండి రిలీజ్‌లో లేని కమిట్లన్నీ చూపిస్తుంది. పక్కన మైనస్ గుర్తు ఉంటే అదే మార్పు రిలీజ్‌లో వేరే హ్యాష్‌తో ఉన్నట్టు, ప్లస్ ఉంటే లేనట్టు. డిఫ్‌లో (కమిట్ తెచ్చిన తేడా) ఖాళీలు, లైన్ నంబర్లు వదిలేసి మిగిలిన దానికి ఒక ఐడీ కట్టి పోలుస్తుంది. పిక్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ వచ్చి నువ్వు చేత్తో సరిచేస్తే మాత్రం డిఫ్ మారిపోతుంది కాబట్టి ప్లస్సే చూపిస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మకు.

అందుకే పిక్ చేసిన ప్రతిసారీ '-ఎక్స్' పెట్టు. ఏ కమిట్ నుంచి వచ్చిందో మెసేజ్ చివర ఒక లైను చేరుతుంది. ఆ హ్యాష్‌తో రిలీజ్ లాగ్‌లో '--గ్రెప్' కొడితే దొరికిపోతుంది.

పాత_ఎస్‌వీఎన్:
ఎస్‌వీఎన్‌లో (గిట్ లాంటి పాత టూల్) ఈ బాధ 2008లోనే తీరింది. 1.5 వెర్షన్ నుంచి మెర్జ్‌ఇన్ఫో అని ఒక ప్రాపర్టీ వచ్చింది. ఏ రివిజన్ ఏ బ్రాంచ్‌లోకి పిక్ అయిందో అదే రాసిపెట్టుకునేది, తర్వాత పూర్తి మెర్జ్ చేసినప్పుడు దాన్ని వదిలేసేది. ఇంకా ఏవి మిగిలాయో అడిగితే జాబితా ఇచ్చేది. గిట్ అలాంటిదేమీ రాసుకోదు. '-ఎక్స్' లైను మనం చదువుకోవడానికే, మెర్జ్ చేసేటప్పుడు గిట్ దాన్ని చూడనే చూడదు.

నైట్‌డ్యూటీ:
అంకుల్, ఆ మెర్జ్‌ఇన్ఫో ప్రతి సబ్‌ఫోల్డర్‌కీ అంటుకుని, ఒక్క లైను మార్చిన కమిట్‌లో వంద ఫైళ్లు మారినట్టు చూపించిన రోజులు కూడా గుర్తుచేసుకోండి 🙂

పాత_ఎస్‌వీఎన్:
రూట్‌లో కాకుండా ఎక్కడపడితే అక్కడ నిలబడి మెర్జ్ కొడితే అలాగే అవుతుంది నాయనా.

మూడోవైపు:
గట్టుమీద_కోడ్ గారూ, మీ మొదటి ప్రశ్నకి వస్తాను. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే ఒకరకంగా మంచిదే, కనీసం ఆగి చూస్తారు. కాన్‌ఫ్లిక్ట్ రాకుండా తప్పు జరిగిపోయే కేసు ఒకటుంది, టీమ్‌లో అందరికీ ఒకసారి చూపించాల్సింది అదే.

కాన్ఫిగ్ ఫైల్‌లో టైమౌట్ 30 అని ఉందనుకోండి. రిలీజ్ బ్రాంచ్ కట్ చేసినప్పుడు రెండు చోట్లా 30. మెయిన్‌లో ఒకరు 90 చేశారు. అది అర్జెంట్ అన్నారు, రిలీజ్‌లోకి పిక్ చేశారు. ఇప్పుడు రెండు చోట్లా 90. వారం తర్వాత మెయిన్‌లో లోడ్ టెస్ట్ చేస్తే 90 వల్ల కనెక్షన్లు ఇరుక్కుపోతున్నాయని తేలింది. ఆ కమిట్‌ని రివర్ట్ చేశారు, మెయిన్‌లో మళ్లీ 30. తర్వాత మీ అలవాటు ప్రకారం రిలీజ్‌ని మెయిన్‌లోకి మెర్జ్ చేశారు. ఎంత వస్తుంది?

90 వస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ ఉండదు, హెచ్చరిక ఉండదు.

ఎందుకంటే మెర్జ్ మూడు చోట్లే చూస్తుంది: రెండు బ్రాంచ్‌లు విడిపోయిన చోటు, ఇటు చివర, అటు చివర. విడిపోయిన చోట 30, మెయిన్ చివర 30, రిలీజ్ చివర 90. గిట్ కంటికి మెయిన్ ఈ లైన్ ముట్టుకోనేలేదు, రిలీజ్ ఒక్కటే మార్చింది. సరే, రిలీజ్ మాటే నెగ్గాలి అనుకుంటుంది. మధ్యలో మీరు మార్చి వెనక్కి తీసుకున్న చరిత్ర దానికి అక్కర్లేదు. మీకు వచ్చే కాన్‌ఫ్లిక్ట్‌లు దీనికి అన్నదమ్ములే. పిక్ చేశాక అదే లైన్‌ని మెయిన్‌లో ఇంకోలా మార్చారు, మూడు చోట్లా మూడు విలువలు వచ్చాయి, అప్పుడు అది మిమ్మల్ని అడుగుతోంది.

గట్టుమీద_కోడ్:
నమ్మబుద్ధి కాలేదు, ఖాళీ రిపో పెట్టి చేసి చూశాను. నిజంగానే 90 వచ్చింది. రివ్యూలో కూడా దొరకడం కష్టం కదా ఇది, మెర్జ్‌లో వచ్చే వందల లైన్లలో ఎవరు చూస్తారు?

మరి దారేంటి? చెర్రీ-పిక్ మానేయాలా?

మూడోవైపు:
ఫిక్స్ రెండు చోట్లా కావాలని ముందే తెలిస్తే పిక్ అక్కర్లేదు. 'గిట్ మెర్జ్-బేస్ మెయిన్ రిలీజ్' కొడితే విడిపోయిన కమిట్ చెప్తుంది. అక్కడి నుంచి చిన్న బ్రాంచ్ తీసి, ఫిక్స్ అందులో చేసి, దాన్నే మెయిన్‌లోకీ రిలీజ్‌లోకీ మెర్జ్ చేయండి. రెండు చోట్లా ఒకే హ్యాష్ ఉంటుంది. పై ఉదాహరణలో ఈసారి మెర్జ్-బేస్ 90 ఉన్న ఆ ఫిక్స్ కమిట్టే అవుతుంది, కాబట్టి మెయిన్‌లో చేసిన రివర్ట్‌ని మార్పుగా గుర్తించి 30 ఉంచుతుంది.

హాట్‌ఫిక్స్_హరికథ:
పుస్తకంలో బాగుంటుంది. మా దగ్గర రిలీజ్ కట్ చేసి మూడు నెలలు అవుతుంది. అప్పటి కమిట్ నుంచి బ్రాంచ్ తీస్తే ఈ మధ్య రాసిన మాడ్యూలే ఉండదు, ఫిక్స్ ఎక్కడ పెట్టాలి? పైగా ఏ ఫిక్స్ రిలీజ్‌కి కావాలో ఎవరికి ముందు తెలుస్తుంది? క్లయింట్ శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తేనే తెలిసేది.

మూడోవైపు:
మాడ్యూలే రిలీజ్‌లో లేకపోతే ఆ ఫిక్స్ రిలీజ్‌కి అక్కర్లేదు కదండీ. రెండో మాట మాత్రం ఒప్పుకుంటాను.

కెర్నల్_చూపు:
ఇద్దరూ ఒక ప్రశ్న వదిలేస్తున్నారు. రిలీజ్ బ్రాంచ్ ఎప్పుడైనా తిరిగి మెయిన్‌లోకి మెర్జ్ అవుతుందా, కాదా? జవాబంతా దీన్నిబట్టే ఉంటుంది.

లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కోడ్) చూడండి. స్టేబుల్ బ్రాంచ్‌లలోకి వెళ్లే మార్పులు దాదాపు అన్నీ పిక్ చేసినవే. దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ట్రీలో (అదే మెయిన్‌లైన్) ముందు చేరితేనే స్టేబుల్‌కి తీసుకుంటారు, అది నియమం. ప్యాచ్ చుట్టూ ఉన్న లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదని కూడా ఉంది. మెసేజ్ మొదట్లో "ఫలానా కమిట్, అప్‌స్ట్రీమ్" అని మూలం హ్యాష్ రాస్తారు. 'ఫిక్సెస్' అనే ట్యాగ్‌లో ఏ పాత కమిట్ వల్ల బగ్ వచ్చిందో హ్యాష్‌లో కనీసం 12 అక్షరాలు రాస్తారు, దాన్నిబట్టి ఏ స్టేబుల్ వెర్షన్లకి ఈ ఫిక్స్ కావాలో తేల్చుకోవచ్చు. ఇంత పిక్ చేసినా మూడోవైపు గారు చెప్పిన సమస్య వాళ్లకి రాదు. స్టేబుల్ బ్రాంచ్ ఎప్పటికీ మెయిన్‌లైన్‌లోకి తిరిగి మెర్జ్ అవ్వదు, దాని కాలం తీరాక అక్కడే ఆగిపోతుంది.

గిట్ ప్రాజెక్టు సొంత పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. ఫిక్స్ కావాల్సిన వాటిలో అన్నిటికన్నా పాత బ్రాంచ్‌లో ముందు చేసి, అక్కడి నుంచి పైకి మెర్జ్ చేసుకుంటూ వస్తారు. మెయింట్ (పాత రిలీజ్‌కి ఫిక్స్‌లు వేసే బ్రాంచ్) నుంచి మాస్టర్‌కి (వాళ్ల మెయిన్), అలా. 'గిట్‌వర్క్‌ఫ్లోస్' మాన్యువల్ పేజీలో రాసి ఉంది. పొరపాటున మాస్టర్‌లో ముందు చేస్తే కిందకి చెర్రీ-పిక్ చేయండి, అది తరచూ జరగనంతవరకూ ఫర్వాలేదు అని కూడా అక్కడే ఉంది.

రెండు పద్ధతులూ పనిచేస్తాయి. మీ టీమ్ పైనుంచి కిందకి పిక్ చేసి, కింద నుంచి పైకి మెర్జ్ కూడా చేస్తోంది. రెండూ కలిపినందుకే ఈ తిప్పలు.

గట్టుమీద_కోడ్:
ఇది పాయింట్. అసలు మేం తిరిగి మెర్జ్ ఎందుకు చేస్తున్నామని లీడ్‌ని అడిగితే "రిలీజ్‌లో నేరుగా చేసిన ఫిక్స్ ఏదైనా మెయిన్‌లో మిస్ అవుతుందేమోనని" అన్నారు.

కెర్నల్_చూపు:
దానికి మెర్జ్ ఎందుకు? 'గిట్ చెర్రీ మెయిన్ రిలీజ్' కొట్టండి, ఈసారి పేర్లు తిరగేసి. రిలీజ్‌లో ఉండి మెయిన్‌లో లేనివి ప్లస్‌తో వస్తాయి. కాన్‌ఫ్లిక్ట్ సరిచేసిన పిక్‌లు కూడా అందులో కలుస్తాయి, '-ఎక్స్' లైను ఉన్నవి పక్కన పెట్టేయండి. మిగిలినవి నిజంగా మెయిన్‌కి వెళ్లాల్సినవి. ఒకటో రెండో ఉంటాయి.

కొత్తకొమ్మ:
చిన్న డౌట్ అన్నా. నేను వరుసగా ఉన్న నాలుగు కమిట్లు పిక్ చేద్దామని 'ఏ..డి' (ఏ మొదటిది, డి చివరిది) అని ఇస్తే మొదటిది రాలేదు. ఏ^ అని పెట్టమని చూశాను, అదీ పనిచేయలేదు. విండోస్.

నైట్‌డ్యూటీ:
ఏ..డి అంటే "ఏ తర్వాతవి, డి దాకా". ఏ కూడా కావాలంటే దాని పేరెంట్ నుంచి మొదలుపెట్టాలి, ఏ^..డి. నువ్వు పాత కమాండ్ ప్రాంప్ట్ వాడుతున్నట్టున్నావు తమ్ముడూ, అందులో ^ గుర్తుకి వేరే అర్థం ఉంది, అది మింగేస్తుంది. ఏ~..డి అని రాయి, అదే పని చేస్తుంది. విడివిడిగా హ్యాష్‌లు ఇస్తే మాత్రం నువ్విచ్చిన వరుసలోనే వేస్తుంది, పాతది ముందు రాయి. మెర్జ్ కమిట్‌ని పిక్ చేస్తే ఏ పేరెంట్‌తో పోల్చాలో తెలియక ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు '-ఎమ్ 1' (మొదటి పేరెంట్‌తో పోల్చమని). మధ్యలో ఆగితే '--కంటిన్యూ', వద్దనుకుంటే '--అబార్ట్'. మార్పు ఇప్పటికే ఉండి కమిట్ ఖాళీ అయిందంటే '--స్కిప్'.

కొత్తకొమ్మ:
~ పనిచేసింది. థాంక్స్ అన్నా.

టెస్టింగ్_అక్క:
డెవలపర్లందరూ కాన్‌ఫ్లిక్ట్ గురించే మాట్లాడుతున్నారు. కాన్‌ఫ్లిక్ట్ లేకుండా శుభ్రంగా పిక్ అయినంత మాత్రాన అది పనిచేస్తుందని ఎవరు చెప్పారు? ఫిక్స్‌లో వాడిన ఫంక్షన్ మెయిన్‌లో ఇంకో కమిట్‌లో వచ్చి ఉంటుంది. దాన్ని పిక్ చేయరు. జావా అయితే బిల్డ్‌లోనే దొరుకుతుంది. పైథాన్ అయితే ఆ లైన్‌కి ఎవరో ఒకరు చేరేదాకా తెలియదు, ఆ ఎవరో ఎక్కువగా కస్టమరే. "మెయిన్‌లో టెస్ట్ అయిపోయింది అక్కా, అదే కోడ్" అంటారు. అదే కోడ్ కాదు, అదే డిఫ్. చుట్టూ ఉన్న కోడ్ వేరు. పిక్ చేసిన ప్రతి దానికీ రిలీజ్ బ్రాంచ్ మీద బిల్డ్, టెస్టులు మళ్లీ నడవాలి. దానికి టైమ్ అడగండి, టెన్షన్ మా మీదకి తోయకండి.

హాట్‌ఫిక్స్_హరికథ:
అక్క చెప్పిన దాంట్లో నాకు ఒక్క ముక్క కూడా వాదించడానికి దొరకలేదు.

ఇంకొకటి. మాలాగా మూడు నాలుగు పాత వెర్షన్లకి ఒకే ఫిక్స్ వేసేవాళ్లు 'రెరెరె' ఆన్ చేసుకోండి (కాన్ఫిగ్‌లో 'రెరెరె.ఎనేబుల్డ్' ట్రూ). ఒక బ్రాంచ్‌లో కాన్‌ఫ్లిక్ట్ ఎలా తీర్చారో గుర్తుపెట్టుకుని, తర్వాతి బ్రాంచ్‌లో అదే వస్తే తనే తీర్చేస్తుంది. సరిచేసినవి 60 రోజులు ఉంచుకుంటుంది. తప్పుగా తీర్చి ఉంటే ఆ తప్పునే అన్ని చోట్లా దింపుతుంది, అప్పుడు 'రెరెరె ఫర్గెట్' అని ఆ ఫైల్ పేరు ఇవ్వాలి.

గట్టుమీద_కోడ్:
అందరికీ థాంక్స్. తిరిగి మెర్జ్ ఆపేద్దామని లీడ్ ఒప్పుకున్నారు. పిక్‌కి '-ఎక్స్' తప్పనిసరి, రిలీజ్ మూసేముందు 'గిట్ చెర్రీ' జాబితా ఒకరు చూడాలి.

ఇంకొక్కటి మిగిలింది. ఈసారి అడిగిన ఫిక్స్‌లో డేటాబేస్ మైగ్రేషన్ ఫైల్ (టేబుళ్లు, కాలమ్‌లు మార్చే స్క్రిప్ట్) ఉంది. ఆ ఫైళ్లని నంబర్ల వరుసలో నడిపే ఫ్లైవే అనే టూల్ వాడతాం. ఫిక్స్‌ది 41వ నంబర్. 40 వేరే ఫీచర్‌ది, అది ఈ రిలీజ్‌లో వెళ్లకూడదు. 41ని మాత్రం పిక్ చేయొచ్చా?

మూడోవైపు:
ముందు 41 తెరిచి, 40 సృష్టించిన టేబుల్ గానీ కాలమ్ గానీ వాడుతోందా చూడండి. వాడితే రెండూ వెళ్లాలి, లేదా ఏదీ వెళ్లకూడదు.

సంబంధం లేకపోతే 41 ఇప్పుడు వెళ్లిపోతుంది, చిక్కు తర్వాతి రిలీజ్‌లో. ప్రొడక్షన్‌లో 39, 41 ఉంటాయి, అప్పుడు 40 వస్తుంది. మామూలు సెట్టింగ్‌లో ఫ్లైవే దాన్ని నడపదు, వ్యాలిడేషన్ దగ్గరే ఆగిపోతుంది. 'అవుట్ ఆఫ్ ఆర్డర్' సెట్టింగ్ ట్రూ చేస్తే 41 తర్వాత 40 నడుస్తుంది. ఆ వరుసలో నడిస్తే ఏమీ పాడవదని స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే సర్వర్) చూసుకోండి.

రిలీజ్‌లో మాత్రం ఆ ఫైల్ నంబర్ మార్చకండి. కొందరు 41ని 40 చేసి పంపేస్తారు. తర్వాతి రిలీజ్‌లో అసలు 40, 41 వస్తాయి. అసలు 40 చెక్‌సమ్ (ఫైల్‌లో ఉన్నదాన్నిబట్టి కట్టే గుర్తు నంబర్) దగ్గర కలవదు, దాన్ని ఎలాగో దాటించినా 41 రెండోసారి నడిచి "కాలమ్ ఇప్పటికే ఉంది" అంటుంది.

గట్టుమీద_కోడ్:
చూశాను, 41కీ 40కీ సంబంధం లేదు. నంబర్ అలాగే ఉంచి పిక్ చేశాను, స్టేజింగ్‌లో రెండు వరుసల్లోనూ నడిపించి చూస్తున్నాం. రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెడతాను.