గుంటూరులో కొత్త ఇల్లు: వేడినీళ్లకు సోలార్ హీటరా, గీజరా, గ్యాసా?

ప్రశ్న (గోరంట్ల, గుంటూరు)

అందరికీ నమస్కారం. గోరంట్లలో రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. పై శ్లాబు పడింది, ప్లాస్టరింగ్ ఇంకా మొదలు కాలేదు. ఇంట్లో ఐదుగురం. అమ్మానాన్నలకు వేడినీళ్లు లేనిదే కుదరదు. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటాయి. దుకాణంవాళ్లు 300 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ తీసుకోమంటున్నారు. మా బావగారేమో గ్యాస్ గీజర్ చాలంటున్నారు. కరెంటు బిల్లు తగ్గాలంటే దేనిమీద ఖర్చు పెట్టడం మంచిది?

జవాబు (ఇళ్ల వైరింగ్ పనులు చేయించేవారు)

నమస్కారమండీ. గోడలు పూయకముందే అడిగారు, చాలా సంతోషం. 15 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు కాచడానికి పావు యూనిట్ కరెంటు పడుతుంది. ఐదుగురి స్నానాలకు, గీజర్‌లో వృథా అయ్యే వేడిని కలుపుకున్నా, రోజుకు రెండు యూనిట్లు. అదే ఒకటిన్నర టన్నుల ఏసీ మే నెలలో రాత్రంతా నడిస్తే ఎనిమిది, పది యూనిట్లు లాగుతుంది. మన ఊళ్లో బిల్లు పెరిగేది ఎండాకాలంలోనే. అప్పుడు ట్యాంకులో నీళ్లు వాటంతటవే కాగి ఉంటాయి, సోలార్ హీటర్‌తో పనే ఉండదు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే ఆ ఎండే కరెంటై ఏసీకి, గీజర్‌కు, మిక్సీకి అన్నిటికీ పనికొస్తుంది. ఖర్చు పెట్టదలిస్తే అక్కడ పెట్టండి.

బావగారికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వద్దే వద్దు. తలుపు మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. ఆ వాయువుకు రంగు, వాసన లేవు. మనిషి తనకు తెలియకుండానే స్పృహ తప్పుతాడు, ప్రాణాలే పోతాయి. పెట్టి తీరాలంటే గాలి బాగా ఆడే చోట, బయటి గోడకు బిగించండి.

మరొకరు (సత్యనారాయణపురం, విజయవాడ)

మా ఇంట్లో సోలార్ హీటర్ చాలా ఏళ్లుగా నిక్షేపంగా పనిచేస్తోందండీ. అందరూ ఎందుకు వద్దంటారో తెలియదు.

జవాబు (వైరింగ్ పనులు)

మీకు కృష్ణా నీళ్లు వస్తాయి కాబట్టి అది సాగిందండీ. తేడా అంతా నీళ్లలోనే ఉంది. ఉప్పు బోరు నీళ్లయితే సోలార్ హీటర్ గొట్టాల్లో తెల్లటి పొలుసు పేరుకుంటుంది, ఎండ వేడి లోపలి నీళ్లకు అందదు. పైగా డాబా మీది వేడినీళ్లు కింది అంతస్తుకు చేరేలోపు పైపులో నిలిచిన చన్నీళ్లన్నీ పారబోయాలి. పెద్దవాళ్లు ఉండేది కిందే అనుకుంటాను. వాళ్ల స్నానాల గదిలో కరెంటు ఆదా నక్షత్రాలు (స్టార్ రేటింగ్) ఎక్కువున్న 15 లీటర్ల గీజర్ పెట్టి, వేడి ఎంతో నిర్ణయించే థర్మోస్టాట్‌ను 50 డిగ్రీలకు తిప్పండి. వేడి తగ్గితే పొలుసూ తగ్గుతుంది. ఏడాదికోసారి విప్పించి లోపల శుభ్రం చేయించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే యానోడ్ కడ్డీ అరిగితే మార్పించండి.

గోరంట్ల వారు

చాలా మేలు చేశారండీ. ఒక స్నేహితుడు హీట్ పంపు గురించి చెప్పాడు. మా ఇంటికి పనికొస్తుందా? ప్యానెళ్లు ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి?

జవాబు (వైరింగ్ పనులు)

హీట్ పంపు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. మామూలు గీజర్‌కు అయ్యే కరెంటులో మూడో వంతు, నాలుగో వంతుతో పని జరుగుతుంది. మన వెచ్చని గాలికి బాగా సరిపోతుంది కూడా. కానీ ధర ఎక్కువ. రోజుకు రెండు యూనిట్ల వాడకానికి ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. హాస్టళ్లకు, ఆసుపత్రులకు అయితే తప్పకుండా పెట్టుకోమంటాను.

ప్యానెళ్లు 3 కిలోవాట్లు చూడండి. నీడ పడని 300 చదరపు అడుగుల జాగా కావాలి, రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తాయి. ఇళ్ల మీద ప్యానెళ్ల కోసం 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయలు రాయితీ ఇస్తారు. మన దేశంలో తయారైన ప్యానెళ్లకే అది వర్తిస్తుంది, బిల్లులో చూసుకోండి. ముఖం దక్షిణానికి, వాలు 16 డిగ్రీల దగ్గర ఉండాలి. వాటిని బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరకలు పడతాయి, మంచినీళ్లే వాడండి. ఒక సంగతి అమ్మేవాళ్లు చెప్పరు: బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు ప్యానెళ్లూ ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టరే వాటిని ఆపేస్తుంది. తుపాను రోజుల కోసం మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ విడిగా ఉంచుకోండి.

ప్యానెళ్లు కప్పని శ్లాబుకు తెల్లటి ఎండ నిరోధక పూత వేయించండి. పడమటి కిటికీలకు సన్‌షేడ్‌లు పొడుగ్గా తీయించండి. ఈ రెండిటితోనే గదుల్లో సాయంత్రపు సెగ బాగా తగ్గుతుంది.

గోరంట్ల వారు

ప్లాస్టరింగ్ మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. అంతకుముందే గోడల్లో ఏమేం పెట్టించాలి?

జవాబు (వైరింగ్ పనులు)

డాబా నుంచి మీటరు పెట్టె దాకా ప్యానెళ్ల వైర్ల కోసం విడిగా ఒక కాండ్యూట్ (గోడలో వైర్లు పోయే) పైపు. గీజర్, ఏసీ పాయింట్లన్నిటికీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. వేడినీళ్లకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు, మామూలు పీవీసీ మెత్తబడిపోతుంది. బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎర్తింగ్ గుంత మీరు దగ్గరుండి తీయించండి.