అబూ సింబెల్ నిలబడింది, మరి నూబియా?

శిలాలేఖ

నిన్న వేరే చర్చలో ఒక సభ్యుడు "ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ హై డ్యాం కట్టినప్పుడు ప్రపంచమంతా ఒక్కటై నూబియా నాగరికతను ముంపు నుంచి కాపాడింది" అని రాశారు. అక్కడి విషయం వేరు కాబట్టి విడిగా ఇక్కడ అడుగుతున్నాను. నిజంగా కాపాడింది నూబియానేనా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కాపాడిన వాటిలో పెద్ద పేరు తెచ్చుకున్నవన్నీ నూబియాను జయించిన ఈజిప్టు రాజులవి, లేదా ఆ తర్వాత గ్రీకు, రోమన్ పాలకుల కాలంలో కట్టినవి. ఆ ఒడ్డున అప్పటికీ బతుకుతున్న నూబియన్ల ఊళ్లు, వాళ్ల తాతముత్తాతల సమాధులు నీళ్లలో కలిశాయి.

తెలియని వాళ్లకోసం రెండు మాటలు. నైలు నదిలో బండరాళ్లు అడ్డుపడి పడవలు సాగని చోట్లు ఆరు ఉన్నాయి. మొదటిది అస్వాన్ దగ్గర, ఆరోది సుడాన్ రాజధాని ఖార్తూమ్‌కు కాస్త ఉత్తరాన. ఆ మధ్యలో ఉన్న నది ఒడ్డే స్థూలంగా నూబియా. క్రీ.పూ. 2500 నుంచి 1500 దాకా కెర్మా రాజధానిగా అక్కడ ఒక రాజ్యం ఉంది. అక్కడి పచ్చి ఇటుకల గుడి, దెఫ్ఫూఫా అంటారు, ఇవాళ్టికీ దాదాపు 18 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో నపాటా రాజధానిగా ఏలిన నూబియా రాజు పియే ఈజిప్టు మొత్తాన్ని గెలిచాడు. జెబెల్ బర్కల్ కొండ దగ్గర దొరికిన అతని విజయ శాసనంలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. లొంగిపోయిన రాజు గుర్రపుశాలలోకి పియే వెళ్తాడు, ముట్టడి రోజుల్లో మేత లేక బక్కచిక్కిన గుర్రాలను చూస్తాడు, యుద్ధంలో చేసిన నేరాలన్నిటికంటే ఇదే నా మనసుకు ఎక్కువ బాధ కలిగించింది అంటాడు. ఆ తర్వాత మెరోయె రాజధాని అయింది. అక్కడ దాదాపు 200 పిరమిడ్లు, సొంత లిపి. ఆ అక్షరాలు చదవగలుగుతున్నా భాష ఇంకా పూర్తిగా అర్థంకాలేదు.

కెర్మా, జెబెల్ బర్కల్, మెరోయె మూడూ ఆ డ్యాం నీళ్లకు చాలా దక్షిణాన ఉన్నాయి. అవి మునిగే ప్రమాదమే లేదు. మరి "నూబియా నాగరికతను కాపాడారు" అని దేన్ని చూసి అంటున్నాం?

హైడ్రో మూర్తి

శిలాలేఖ గారూ, నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరైనవాణ్ని, కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. డ్యాం వద్దనుకునే స్థితిలో ఈజిప్టు లేదు. ఒక ఏడాది వరద, ఇంకో ఏడాది కరువు. 1970లో డ్యాం పూర్తయింది. 1980ల్లో ఇథియోపియా కరువుతో అల్లాడి నైలులో నీళ్లు తగ్గినప్పుడు ఈజిప్టు గట్టెక్కింది డ్యాం వెనక ఏర్పడిన నాసర్ సరస్సులో నిల్వ ఉన్నందుకే.

ఇక కాపాడిన పని సంగతి. 1960 మార్చి 8న యునెస్కో పిలుపునిస్తే దాదాపు 50 దేశాలు ముందుకొచ్చాయి. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కొండలో తొలిపించిన అబూ సింబెల్ రెండు గుళ్లనూ 1964–68 మధ్య వెయ్యికి పైగా దిమ్మెలుగా కోశారు. ఒక్కో దిమ్మె 20 టన్నులు, 30 టన్నులు. చెక్కడాలున్న చోట చేతి రంపాలతో సన్నగా కోసి, 65 మీటర్లు పైకి తెచ్చి, వెనక కాంక్రీటు గుమ్మటం కట్టి దానిమీద కొండను మళ్లీ పేర్చారు. 1980లో ఫైలే గుడిని పక్క ద్వీపం మీద నిలబెట్టడంతో మొత్తం పని ముగిసింది. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందానికి దారి వేసింది ఈ అనుభవమే. ఇంత పనిని చిన్నచూపు చూడటం భావ్యం కాదు.

శిలాలేఖ

మూర్తి గారూ, ఆ ఇంజనీరింగ్‌కు నేనూ చేతులు జోడిస్తాను. నా ప్రశ్న పనితనం మీద కాదు, ఎంపిక మీద.

అబూ సింబెల్ గుమ్మం దగ్గర ఆగి కింద చూడండి. రెండో రామ్సెస్ పెద్ద విగ్రహాల పీఠాల మీద దక్షిణం వైపున వరసగా బందీలు కనిపిస్తారు. మెడలకు తాళ్లు, చేతులు వెనక్కి విరిచి కట్టి ఉంటాయి. వాళ్లు నూబియన్లు. ఈ నేల మాది, మీరు మా కాళ్ల కింద ఉన్నారు అని నూబియన్లకు చెప్పడానికే నూబియా మధ్యలో ఆ గుడిని తొలిచారు. దాన్ని కాపాడటం తప్పు అనను. కానీ దాన్నే "నూబియా వారసత్వం" అంటుంటే, అదే సమయంలో ఊళ్లు ఖాళీ చేస్తున్న నూబియన్లకు ఎలా ఉండి ఉంటుంది?

ఈజిప్టు వైపు దాదాపు 50 వేల మందిని 1963–64లో కోమ్ ఓంబో ప్రాంతానికి తరలించారు. సుడాన్ వైపు వాది హల్ఫా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంచుమించు అంతే మందిని రైళ్లలో తూర్పు సుడాన్‌లోని ఖష్మ్ ఎల్ గిర్బాకు పంపారు. బయల్దేరే ముందు జనం సమాధుల దగ్గరికి వెళ్లి నీళ్లు చల్లి వచ్చారు. నది ఒడ్డున ఖర్జూరాలు పెంచుకుని బతికిన మనుషులకు నైలు కంటికే కనపడని చోట ఇళ్లిచ్చారు. కోమ్ ఓంబోలో కొన్ని ఇళ్లు అప్పటికి పూర్తికూడా కాలేదు. మొదటి నెలల్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఎంతోమంది పోయారు. గుడి రాయి ఒక్కటి పగలకుండా చూసుకున్న అదే సంవత్సరాల్లో జరిగింది ఇది.

మట్టికుండ

నేను పురావస్తు శాస్త్రం చదువుతున్నాను. శిలాలేఖ గారి ఆవేదన నిజమే, కానీ "ఈజిప్టు రాజుల గుళ్లనే కాపాడారు" అన్నమాట సగమే నిజం. రాళ్లు కోసి తరలించిన పని ఒకటైతే, పదుల దేశాల బృందాలు వచ్చి తవ్విన పని ఇంకొకటి. ఆ రెండోది ఫొటోల్లో పడదు.

ఇప్పుడు నీళ్లలో ఉన్న ఫరస్ అనే చోటు సంగతి చూడండి. 1961–64 మధ్య మిహావోవ్‌స్కీ నాయకత్వంలో పోలండ్ బృందం అక్కడ ఇసుక తీస్తే లోపల ఒక పెద్ద చర్చి బయటపడింది. గోడల మీద 8వ శతాబ్దం నుంచి వేసిన చిత్రాలు, 120కి పైగా. ఒక చిత్రంలో పేత్రోస్ అనే బిషప్ నిలబడి ఉంటాడు, నల్లటి మేని ఛాయతో. వెనక నుంచి సెయింట్ పీటర్, తెల్లటి ముఖంతో, అతని భుజాల మీద చేతులు వేసి ఉంటాడు. తమ మనిషిని తమ రంగులోనే గీసుకున్నారు నూబియన్లు. ఆ చిత్రాల్లో దాదాపు సగం వార్సాకు, మిగతావి ఖార్తూమ్‌కు చేరాయి. ఈ తవ్వకాలు జరక్కపోతే వందల ఏళ్లు నిలిచిన క్రైస్తవ నూబియా రాజ్యాల గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

ఇంకోటి, ఇది మనవాళ్లకు పెద్దగా తెలియదు. మన పురావస్తు సర్వే కూడా అక్కడికి వెళ్లింది. 1962లో బి.బి. లాల్ బృందం ఆఫియే, తుమాస్ దగ్గర తవ్వింది. అక్కడి సమాధుల్లో దొరికిన నలుపు ఎరుపు కుండలకు, మన దక్షిణాది రాక్షసగుళ్లలో (పెద్ద రాళ్లతో కట్టిన పాత సమాధుల్లో) దొరికే కుండలకు పోలిక ఉందని లాల్ గమనించారు. దాన్ని పట్టుకుని "నూబియన్లే మన పూర్వీకులు" అని యూట్యూబ్‌లో వీడియోలు చేస్తున్నారు, దయచేసి నమ్మకండి. కుండను ఒకే రకంగా కాల్చితే ఒకే రకమైన రంగులు వస్తాయి. రెండింటి మధ్య కాలం తేడా కూడా వందల ఏళ్లు.

శిలాలేఖ గారితో ఏకీభవించే చోటు వేరే ఉంది. అంతకుముందు తవ్వినవాళ్లకు నూబియన్లు ఏదైనా గొప్పగా కట్టగలరన్న నమ్మకమే లేదు. అమెరికా పురావస్తు శాస్త్రవేత్త రైస్నర్ 1910ల్లో కెర్మాలో అంత పెద్ద సమాధులు తవ్వి, ఇవి ఈజిప్టు గవర్నర్లవి అని రాసేశాడు. ఈజిప్టు వస్తువులు దొరికాయి కాబట్టి ఈజిప్టు వాళ్లే ఉండాలని అతని లెక్క. ఆ వస్తువుల్లో చాలావరకు కెర్మా రాజులు ఈజిప్టు మీద దాడి చేసి కొల్లగొట్టి తెచ్చినవని ఇప్పుడు అనుకుంటున్నారు. ఈజిప్టులోని ఎల్ కాబ్‌లో 2003లో బయటపడిన ఒక సమాధి శాసనం అలాంటి దాడినే చెప్తుంది.

కృష్ణాతీరం

మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో పోలీసులను పెట్టి ఖాళీ చేయించారు. వందకు పైగా ఊళ్లు అలాగే పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి అలంపురంలో కట్టారు, అక్కడికి వెళ్లినప్పుడల్లా దణ్ణం పెట్టుకుంటాం. అంతకుముందు నాగార్జునకొండలోనూ అంతే, ఇక్ష్వాకుల కట్టడాలు కొండ మీదికి, అనుపుకు వెళ్లాయి.

గుడి రాళ్లకు నంబర్లు వేశారు. మా అమ్మమ్మ ఇంటి గుమ్మానికి ఎవరూ నంబర్ వేయలేదు. మూర్తి గారూ, డ్యాం అవసరమే, ఒప్పుకుంటాను. వారసత్వం లెక్కలో మనుషులు ఎందుకు లేరు అన్నదే నాకు అర్థంకాదు.

హైడ్రో మూర్తి

అమ్మా, పునరావాసం సరిగా జరగలేదన్నది నేను కాదనను, ఇక్కడైనా అక్కడైనా. నేను కాదనేది ఒక్కటే, స్మారకాలను కాపాడటమే మనుషులకు అన్యాయం చేసిందన్నట్టు రాయడం. ఆ డబ్బు గుళ్ల పేరుమీద వచ్చింది. గుళ్లు వదిలేస్తే నూబియన్లకు వచ్చేది కాదు.

హడ్సన్ తెలుగు

న్యూయార్క్‌లో ఉంటాను, దెందూర్ గుడి గురించి చెప్పాలనిపించింది. సాయం చేసిన దేశాలకు ఈజిప్టు కొన్ని గుళ్లు కానుకగా ఇచ్చింది. దెందూర్ అమెరికాకు, దెబోద్ స్పెయిన్‌కు, తాఫె నెదర్లాండ్స్‌కు, ఎల్లెసియా ఇటలీకి వెళ్లాయి. దెందూర్ 1978 నుంచి మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెద్ద అద్దాల గోడ ముందు ఉంది.

దీన్ని కట్టించింది రోమన్ చక్రవర్తి ఆగస్టస్. కానీ ఐసిస్ దేవతతో పాటు అక్కడ పూజలందుకున్నది ఇద్దరు నూబియన్ అన్నదమ్ములు, పెదెసి, పిహోర్. స్థానిక నాయకుడు కుపెర్ కొడుకులు. అంటే శిలాలేఖ గారు అన్నట్టు "పాలకుల గుడి" అని తేలిగ్గా తీసేయలేం. నూబియన్ కుటుంబం బిడ్డలు దేవుళ్లైన గుడి అది. అలాంటిది ఆ ఒడ్డు నుంచి ఇంత దూరం రావాలా? ఆ కానుక ఇచ్చేటప్పుడు నూబియన్లను ఎవరైనా అడిగారా? తిరిగి ఇచ్చేయాలని నా అభిప్రాయం, అస్వాన్ ప్రాంతానికే.

మట్టికుండ

దెందూర్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. మాడ్రిడ్‌లో దెబోద్ గుడిని ఆరుబయట పార్కులో పెట్టారు, వానకు చలికి రాయి పాడవుతోందని అక్కడివాళ్లే గొడవ చేస్తున్నారు. ముందు దానికి పైకప్పు వేయించండి. దెందూర్ లోపల ఉంది, క్షేమంగా ఉంది.

అంతకంటే అర్జెంటు సంగతి సుడాన్‌ది. ముంపు నుంచి తెచ్చిన బుహెన్, సెమ్నా గుళ్లను ఖార్తూమ్ జాతీయ మ్యూజియం తోటలో నిలబెట్టారు. ఫరస్ చిత్రాల్లో సుడాన్ వాటా ఉన్నదీ ఆ మ్యూజియంలోనే. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక దాన్ని దోచుకున్నారు. 1960ల్లో 50 దేశాలు కదిలాయని మూర్తి గారు గర్వంగా రాశారు. ఈసారి అలాంటి కదలిక ఎక్కడా కనపడలేదు. రామ్సెస్ మొహం లేకపోతే ఎవరికీ పట్టదా అని బాధగా ఉంది.

శిలాలేఖ

హడ్సన్ గారూ, మీ దెందూర్ మాట నాకు విలువైనది, ఆ అన్నదమ్ముల గురించి నేను రాసి ఉండాల్సింది. మీరు చెప్పినా నా ప్రశ్న అక్కడే ఉంది: అడగాల్సింది నూబియన్లను.

మూర్తి గారి మాటకు జవాబు. గుళ్ల డబ్బు మనుషులకు వచ్చేది కాదు, సరే. కానీ ఇప్పటికైనా మనుషులకు ఇచ్చిన మాట ఒకటి ఉంది. 2014 ఈజిప్టు రాజ్యాంగం 236వ అధికరణంలో, నూబియన్లను పదేళ్లలోగా వాళ్ల సొంత ప్రాంతాలకు తిరిగి తెచ్చే పథకాలు చేపడతామని రాశారు. అదే ఏడాది 444వ నంబర్ ఉత్తర్వుతో సరిహద్దు వెంట ఉన్న ఆ భూముల్లో కొన్నిటిని సైనిక ప్రాంతంగా ప్రకటించారు. పదేళ్ల గడువు 2024 జనవరితో అయిపోయింది. సుడాన్ వైపు 2007లో కజ్బార్ డ్యాం వద్దని ఊరేగింపు తీసిన నూబియన్ల మీద కాల్పులు జరిగాయి, నలుగురు చనిపోయారు.

అబూ సింబెల్‌కు ఏటా వెళ్లే వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఎవరైనా వెళ్లేవాళ్లుంటే అస్వాన్‌లోని నూబియా మ్యూజియంలో కూడా ఒక పూట గడపండి. గైడ్‌ని ఈ 236వ అధికరణం గురించి అడగండి. ఏం చెప్పారో వచ్చి ఇక్కడే రాయండి, చర్చ తెరిచే ఉంచుతాను.